బ్యాడ్‌ల్యాండ్స్ చూడబోయే ముందు

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో ఉన్న బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయ వనాన్ని మనవాళ్లు చాలామంది, కొండరాతిలో అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ ప్రయాణంలో దారిమధ్య మజిలీగా పెట్టుకొని, రెండు గంటల్లో చూసి వెళ్లిపోతారు. ఒక సాయంత్రాన్నీ మరునాటి ఉదయాన్నీ దానికి కేటాయించడం మంచిది; ఎందుకంటే మిట్టమధ్యాహ్నం బూడిదరంగు మట్టిదిబ్బల్లా వెలవెలబోయే ఆ కొండల మీద ఎరుపు, పసుపు చారలు తేటపడేది ఏటవాలు ఎండలోనే, జంతువులు మేతకు కదిలేదీ ఎక్కువగా ఆ వేళల్లోనే.

రాపిడ్ సిటీ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుగా వచ్చేవారు వాల్ అనే ఊరి దగ్గర 110వ ఎగ్జిట్ తీసుకొని, పినకిల్స్ ద్వారం గుండా ప్రవేశించి, 240వ నంబరు రోడ్డు వెంట సాగి 131వ ఎగ్జిట్ వద్ద మళ్లీ ఐ-90ని కలుసుకోవచ్చు. పెట్రోలు, తాగునీరు వాల్‌లోనే నింపుకోవాలి. ద్వారం దాటగానే కుడివైపుకు చీలే సేజ్ క్రీక్ కంకర రోడ్డును మాత్రం వదులుకోకూడదు. బైసన్ (అమెరికా అడవిదున్న) మందలూ, 1964లో తిరిగి తెచ్చి వదిలిన పెద్దకొమ్ముల గొర్రెలూ, బొరియల అంచున నిలబడి కీచుమని హెచ్చరించుకునే ప్రెయరీ డాగ్‌లూ (నేల ఉడుతల జాతి) అటువైపే బాగా కనిపిస్తాయి. ఈ బొరియలనే నమ్ముకొని బతికే నల్లకాళ్ల ఫెరెట్‌ను (ముంగిసను తలపించే చిన్న వేటజంతువు) 1994లో ఇక్కడ మళ్లీ ప్రవేశపెట్టారు కానీ, అది రాత్రించరం కనుక కనబడితే అదృష్టమే. చేయి చాచి బొటనవేలిని అడ్డుపెట్టినప్పుడు జంతువు పూర్తిగా మరుగుపడకపోతే మీరు దానికి మరీ దగ్గరగా ఉన్నట్టే. ప్రెయరీ డాగ్‌ల ద్వారా ప్లేగు సోకే అవకాశం ఉన్నందున వాటిని తాకకూడదు, మేపకూడదు.

డైనోసార్ల కోసం ఉత్సాహపడే పిల్లలకు ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లాలి: ఇక్కడ అవి దొరకవు. అడుగు పొర ఒకనాటి సముద్రగర్భం కాబట్టి అందులో అమ్మోనైట్లు (చుట్టగుల్ల సముద్రజీవులు), మోససార్లు (సముద్రపు సరీసృపాలు) శిలాజాలుగా ఉంటాయి. పై పొరలు డైనోసార్లు అంతరించిన చాలాకాలానికి, సుమారు 3.7 కోట్ల నుంచి 2.8 కోట్ల ఏళ్ల కిందట పేరుకున్నవి కాబట్టి వాటిలో ఖడ్గమృగాన్ని తలపించే టైటనోథీర్, మూడు వేళ్ల గుర్రం, గొర్రెంత ఓరియోడాంట్ వంటి క్షీరదాలు బయటపడతాయి. ఈ కొండలు ఏటా దాదాపు ఒక అంగుళం కరిగిపోతుంటాయి కనుక నిన్న కనబడని ఎముక నేడు మీ కాలి ముందే తేలవచ్చు. 2010లో కత్తికోరల పిల్లిని పోలిన నిమ్రావిడ్ పుర్రెను సందర్శకుల కేంద్రానికి దగ్గరలోనే ఏడేళ్ల బాలిక గుర్తించింది. అలాంటిది కనిపిస్తే కదపకుండా, పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి, జీపీఎస్ స్థానం రాసుకొని, బెన్ రైఫెల్ సందర్శకుల కేంద్రంలో తెలియజేయాలి. ఏ పొరలో, ఏ తీరున పడి ఉందన్న సమాచారమే ఆ ఎముకకు ప్రాణం. పెకలించి జేబులో వేసుకుంటే అది వట్టి రాయి, పైగా నేరం కూడా.

నడకకు వెళ్లేటప్పుడు రెండు గంటలకు మనిషికి రెండు లీటర్ల నీరు వెంట ఉండాలి, ఎందుకంటే అక్కడి వాగునీటిలోని సన్నని బంకమట్టి ఫిల్టర్‌ను సైతం మూసేస్తుంది. ఆ మట్టే వానకు తడిస్తే జారుతుంది కనుక కొయ్యనిచ్చెన ఎక్కవలసిన నాచ్ ట్రెయిల్ అనే కాలిబాటను వాన వెలిసిన వెంటనే పెట్టుకోవద్దు. రాటిల్ పాములుండే చోటు కాబట్టి కంటికి కనబడని రాతిసందుల్లో చేయి పెట్టకూడదు. అమెరికా మూలవాసులకు చెందిన పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉన్న ఈ వనపు దక్షిణ భాగం రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబుల అభ్యాసస్థలంగా ఉండేది. అటు వెళ్లినవారు తుప్పుపట్టిన లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోకుండా దూరంగా జరిగి, రేంజర్లకు చెప్పాలి.