షేక్‌స్పియర్ మాటల్ని సీన్‌తో సహా నేర్చుకోండి

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఇడియమ్స్ లిస్టులు బట్టీ పట్టొద్దని ప్రతి బ్యాచ్‌నీ బతిమాలతాను. అందులో చాలా మాటలు షేక్‌స్పియర్ నాటకాల్లో ఎవరో ఒకరు కోపంతోనో ఏడుపుతోనో అన్నవే. ఆ సీన్ ఒక్కసారి చదివితే చాలు, మాట ఇక మరిచిపోరు.

'వన్ ఫెల్ స్వూప్'తో మొదలుపెట్టండి. 'మాక్‌బెత్' నాలుగో అంకం, మూడో రంగం తీయండి. మాక్‌డఫ్ ఇంగ్లండులో ఉంటాడు. అతని భార్యనూ పిల్లల్నీ మాక్‌బెత్ చంపించాడని కబురొస్తుంది. "పిల్లల్ని కూడానా? అందరినీనా?" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. నా కోడిపిల్లల్నీ వాటి తల్లినీ గద్ద ఒక్కసారే తన్నుకుపోయిందా అంటాడు. ఇక్కడ 'ఫెల్' అంటే క్రూరమైన అని. ఇది క్లాసులో పైకి చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. పనులన్నీ ఒకేసారి అయిపోయాయని చెప్పడానికి ఈ మాట వాడటం తప్పేమీ కాదు, కానీ నాకు మనసొప్పదు.

సీన్ చదివాక, అప్పటి అర్థమే ఇప్పుడూ ఉందా అని చూడండి. 'ఫోర్‌గాన్ కన్‌క్లూజన్' అంటే ఇవాళ ముందే తేలిపోయిన ఫలితం. కానీ 'ఒథెల్లో' నాటకంలో, ఒథెల్లో భార్యకు కాసియోతో సంబంధం ఉందని నమ్మించడానికి, కాసియో కలలో ఏదో అన్నాడని ఇయాగో కల్పించి చెప్పినప్పుడు ఒథెల్లో ఈ మాట అంటాడు. అది కలే అయినా, అంతకుముందే జరిగినదాన్ని చూపిస్తోందని అతని బాధ. ఇవాళ దొరకనిదాని వెంట పడటాన్ని 'వైల్డ్ గూస్ చేజ్' అంటాం, ఆ రోజుల్లో అది ఒక రకం గుర్రప్పందెం. ముందు గుర్రం ఎటు పోతే వెనకవి అటే పోవాలి.

తర్వాత, ఆ మాట షేక్‌స్పియర్ పుట్టించిందేనా? ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో మొదటి వాడుక ఏ సంవత్సరానిదో చూడండి. 'బ్రేక్ ద ఐస్' ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలకు నార్త్ అనే ఆయన 1579లో తెచ్చిన ఇంగ్లీషు అనువాదంలోనే ఉంది. 'లవ్ ఈజ్ బ్లైండ్' షేక్‌స్పియర్ కన్నా చాలా ముందటి కవి చాసర్‌లోనే ఉంది. ఆ డిక్షనరీ కోసం చదివినవాళ్లు షేక్‌స్పియర్‌ని మరీ శ్రద్ధగా జల్లెడ పట్టారు. అందుకే కొన్ని మాటలు ఆయన ఖాతాలో పడ్డాయి, తర్వాత వాటికి అంతకన్నా పాత వాడుకలు బయటపడ్డాయి. నా దృష్టిలో దీనివల్ల ఆయనకు తగ్గిందేమీ లేదు. మాటను జనం నోట నిలబెట్టడం చిన్న పని కాదు.

నాటకాల కోసం ఫోల్జర్ లైబ్రరీ వెబ్‌సైట్ వాడండి. ఉచితం, మాట టైప్ చేసి వెతకొచ్చు కూడా. షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, ఇద్దరు తోటి నటులు 36 నాటకాల్ని ఒక సంపుటిగా తెచ్చారు. అందులో సగం అంతకుముందు అచ్చు కానివే. 'మాక్‌బెత్' వాటిలో ఒకటి. అయితే ఆ సంపుటిలో లేని పంక్తులూ ఉన్నాయి. తను పెట్టిన మందుపాతరకు తనే ఎగిరిపోవడం గురించి హామ్లెట్ అనే 'హాయిస్ట్ విత్ హిజ్ ఓన్ పెటార్డ్' 1604-05 నాటి విడి ప్రతిలోనే దొరుకుతుంది. ఫోల్జర్ 'హామ్లెట్'లో ఇలాంటి పంక్తులకు బ్రాకెట్లు ఉంటాయి, గమనించండి.