ఎగ్మూరు రికార్డుల్లో మీ ఊరి పన్నుల పోరాటం వెతకడం ఎలా

1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేవి. అందుకే మీ తాత కట్టనన్న శిస్తు గురించిన సర్కారు కాగితాలు చెన్నైలోనే దొరికే అవకాశం ఉంది. తమిళనాడు ఆర్కైవ్స్ ఎగ్మూరులో గాంధీ ఇర్విన్ రోడ్డు మీద ఉంది. ఉప్పు పన్నును ధిక్కరించినాయనకూ, ఆయన్ని జైల్లో పెట్టిన వైస్రాయికీ కలిపి ఒకే రోడ్డు!

ముందు తేల్చుకోవాల్సింది ఏ పన్ను అన్నది. చాలామంది రెవెన్యూ ఫైళ్ళు తిరగేసి, ఏమీ లేదని వచ్చేస్తారు. గుంటూరు జిల్లా పెదనందిపాడు శిస్తు నిరాకరణ రెవెన్యూ శాఖలో ఉంటుంది. పల్నాడు పుల్లరి అడవి పన్ను కాబట్టి అటవీ ఉత్తర్వులు కూడా చూడాలి. చీరాల-పేరాల గొడవ మునిసిపాలిటీ పన్నులది, అది స్థానిక పాలన శాఖకు పోతుంది. ఉప్పుది మళ్ళీ వేరే దారి.

తర్వాత సంవత్సరం. పాత కాగితాల్లో ఫసలీ, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ వరకు. పెదనందిపాడు ఉద్యమమూ, 1922 ఫిబ్రవరిలో పల్నాడు పుల్లరి పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపడమూ ఆ ఒక్క ఫసలీలోనే. జులై సంగతి మరిచి జనవరి నుంచి లెక్కేస్తే ఏడాది తప్పుతుంది.

ఇక శిస్తు లెక్క. సర్వే నంబరు, విస్తీర్ణం, తరం (నేల రకం), ఎకరా రేటు ఉండే రిజిస్టరును మన రెవెన్యూ ఆఫీసుల్లో డైగ్లాట్ అంటారు. 4-6-0 అని ఉంటే నాలుగు రూపాయల ఆరణాలు, రూపాయికి పదహారణాలు కాబట్టి 4.375. దాన్ని 4.60 అని చదివితే లెక్కంతా పాడవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రీసెటిల్‌మెంటు (శిస్తు రేట్లను మళ్ళీ ఖరారు చేయడం) పెంపు నూటికి 18¾ అని రాసుంటుంది. రైతు భాషలో అది రూపాయికి మూడణాలు. మూడెకరాల ఇరవై సెంట్లకు ఐదేసి రూపాయల చొప్పున 16 కట్టేవాడు 19 కట్టాలి. ఆ మూడు రూపాయలు పెద్దవా చిన్నవా అన్నది ధాన్యం ధర పక్కన పెట్టందే తెలియదు. 1930 తర్వాత ధర కుప్పకూలింది, కిస్తుకు మునుపటికంటే ఎక్కువ బస్తాలు అమ్మాల్సొచ్చింది.

అయితే పెంపు ఒక్కటే ఊరిని లేపదు. 1864 నాటి రెవెన్యూ వసూలు చట్టం కింద జప్తు, వేలం ఎప్పుడు మొదలయ్యాయో చూడండి. అంతకంటే ముఖ్యం కరణం, మునసబుల రాజీనామాలు. వసూలు చేసేవాడే తప్పుకుంటే కలెక్టరుకు పట్టాలో ఉన్న పేరు తప్ప మనిషి దొరకడు. పెదనందిపాడులో ఉద్యమ నాయకుడు పార్వతనేని వీరయ్య చౌదరి బలం అక్కడే ఉంది. ఫిర్యాదు, జప్తు, రాజీనామా తేదీలను ఒకే కాగితం మీద వరసగా రాసుకుంటే, కోపం ఎక్కడ తిరుగుబాటైందో బయటపడుతుంది.

తెలుగు పత్రికల మీద ప్రభుత్వం తయారు చేయించుకున్న రహస్య వారపు నివేదికలు కూడా అడగండి. కానీ అవి సారాంశాలు, సర్కారుకు పనికొచ్చిన ముక్కలు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల ఆనాటి సంచిక దొరికితే దానితో సరిచూసుకున్నాకే రాసుకోండి.