చలికాలం ట్రౌట్ వేట: ఫ్లై మార్చే ముందు బరువు మార్చండి

డిసెంబరులో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే మన హైదరాబాద్ గాలం మిత్రులు ప్రతి ఏడూ ఒకటే అడుగుతారు, ఆ మంచులో చేప పడుతుందా అని. పడుతుంది. మా అమ్మాయి వాళ్ళు డెన్వర్‌లో ఉంటారు, అక్కడి నుంచి కారులో గంటన్నర వెళ్తే డెక్కర్స్, సౌత్ ప్లాట్ నది. జనవరిలో కూడా అక్కడ ట్రౌట్ అనే చల్లటి నీటి చేపని ఫ్లైతో పట్టాను, ఫ్లై అంటే హుక్‌కి దారం, ఈకలు చుట్టి పురుగులా చేసే నకిలీ ఎర. మన దేశంలో మాత్రం చలికాలం ఈ ఆలోచన పెట్టుకోకండి. తీర్థన్ లాంటి హిమాచల్ ట్రౌట్ నదుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట నిషేధం, అది చేపలు గుడ్లు పెట్టే కాలం.

ముందు నది సంగతి. పెద్ద డ్యాం కింద పారే నదికే వెళ్ళండి. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అందుకే రిజర్వాయరు పైన గడ్డకట్టినా అడుగున ఆ మాత్రం వెచ్చదనం మిగిలి ఉంటుంది, ఆ అడుగు నీళ్ళు వదులుతుంటారు కాబట్టి డ్యాంకి దగ్గరలో నది గడ్డకట్టడం తక్కువ. సౌత్ ప్లాట్‌కి చీజ్‌మన్ డ్యాం, న్యూ మెక్సికోలో శాన్ హువాన్‌కి నవాహో డ్యాం, యూటాలో గ్రీన్ నదికి ఫ్లేమింగ్ గార్జ్, అన్నీ ఇలాంటివే. మన చెరువుల మీద తెల్లారకముందే గాలం వేసే అలవాటు అక్కడ పనికిరాదు. ఎండ పడి నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కినా చేప కదులుతుంది, అందుకని పది నుంచి మూడు దాకా చాలు.

ఇప్పుడు అసలు విషయం. చల్లటి నీళ్ళలో ట్రౌట్ ఒళ్ళు మందగిస్తుంది. లోతుగా, నెమ్మదిగా పారే మడుగుల్లో అడుగున ఉండిపోతుంది, ఎర కోసం రెండడుగులు పక్కకి కూడా రాదు. మీ ఫ్లై దాని నోటి ముందుకే వెళ్ళాలి, ప్రవాహం ఎంత వేగంతో తీసుకెళ్తే అంతే వేగంతో వెళ్ళాలి, దారం లాగినట్టు కనబడకూడదు. మొదటి ఏడాది నేను పొద్దంతా ఫ్లైలు మార్చుకుంటూ కూర్చున్నాను, ఒక్కటీ పడలేదు. సాయంత్రం స్ప్లిట్ షాట్, అంటే దారానికి నొక్కి బిగించే మిరియపు గింజంత బరువు గుండు, ఇంకొకటి తగిలించాక అదే ఫ్లైకి, అదే మడుగులో వరసగా రెండు పడ్డాయి. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: చేప ముట్టకపోతే ముందు బరువు పెంచుతాను, తర్వాత లోతు మారుస్తాను, ఫ్లై మార్చేది ఆఖర్న. ఫ్లైకి పైన, నీటి లోతుకి ఒకటిన్నర రెట్ల దూరంలో ఇండికేటర్ కట్టండి, అంటే చేప ముట్టిందని చూపే, నీటి మీద తేలే చిన్న బెండు. నాలుగైదు సార్లు వేస్తే ఒకసారైనా అడుగు రాయికి తగలాలి, అసలు తగలకపోతే మీరు చేప నెత్తి మీదుగా వేస్తున్నట్టే. ఇండికేటర్ కాస్త ఆగినా, పక్కకి జరిగినా రాడ్ మెల్లగా ఎత్తండి. చలికాలంలో కొరకడం అంతే ఉంటుంది, గట్టిగా లాగడం ఉండదు.

చలికాలం ఫ్లై అంటే ప్రధానంగా మిడ్జ్. మన చెరువు గట్ల మీద సాయంత్రం లైట్ల చుట్టూ ముసిరే, కుట్టని దోమలున్నాయే, ఆ జాతే. దాని పిల్ల పురుగు ఎలా ఉంటుందో చూడాలంటే ఏదైనా అక్వేరియం షాపుకి వెళ్ళి బ్లడ్‌వార్మ్స్ అడగండి, ఎర్రగా దారం ముక్కల్లా ఉంటాయి. ఒక్కసారి చూస్తే ఫ్లై ఎంత సన్నగా ఉండాలో అర్థమవుతుంది. నేను రెండు ఫ్లైలు కడతాను. పైన 16 సైజు (నంబరు పెరిగే కొద్దీ హుక్ చిన్నది) ఫెజంట్ టెయిల్ అనే ఫ్లై గానీ గుడ్డు ఆకారంలో ఉండే ఎగ్ ఫ్లై గానీ, దానికి జానెడు కింద 20 లేదా 22 సైజు జీబ్రా మిడ్జ్, నూక గింజంత ఉంటుంది. నలుపు, ఎరుపు రెండూ పెట్టుకోండి. లీడర్, అంటే లైన్ చివర కట్టే సన్న దారం, 9 అడుగులు, దాని చివర 6ఎక్స్ టిప్పెట్, అంటే ఇంకా సన్నటి దారం. మధ్యాహ్నం నిలకడ నీటి మీద చేపలు మెల్లగా పైకొచ్చి ముట్టుకుంటుంటే షాట్ తీసేసి, నీటి మీద తేలే గ్రిఫిత్స్ నాట్ అనే ఫ్లై వేయండి.

జీబ్రా మిడ్జ్ హైదరాబాద్‌లోనే కట్టుకోవచ్చు. సన్న నల్ల దారం, తల దగ్గర చిన్న గాజు పూస, మీద చారల్లా ఐదారు చుట్లు తీగ. ఆ తీగకి కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్ళి మోటారు వైండింగ్‌కి వాడే అతి సన్న రాగి తీగ అడగండి. హుక్ మాత్రం మంచిదే కొనండి. ఇంకో సాధన కూడా చేసి వెళ్ళండి: గిన్నెలో ఐసు వేసి చేతులు రెండు నిమిషాలు ముంచి, తీసి 6ఎక్స్ దారానికి ముడి వేయండి. నది ఒడ్డున వేళ్ళు సరిగ్గా అలాగే ఉంటాయి. నలభై దాటినవాళ్ళు చదువుకునే అద్దాలు మరవొద్దు.

బట్టల్లో కాటన్ వద్దు, తడిస్తే ఒళ్ళు చల్లబరుస్తుంది, ఉన్ని వేయండి. రెండు జతల సాక్సులు బిగించి తొడిగితే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి, ఒక్క మందపాటి జత మేలు. వేడర్‌కి, అంటే నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటుకి, బెల్టు తప్పనిసరి, కారులో పొడి బట్టలు ఉంచండి. ఒడ్డున పలకలా గడ్డకట్టిన మంచు మీద నిలబడొద్దు, కింద నీళ్ళు పారుతుంటాయి. రాడ్ మీద దారం పోయే రింగుల్లో, అంటే గైడ్లలో, ఐసు పేరుకుంటే వేళ్ళతో విరవకండి, చివర విరిగిపోతుంది. రాడ్‌ని నీళ్ళలో ముంచితే కరుగుతుంది. ముందే లిప్ బామ్ రాస్తే ఆలస్యంగా పేరుకుంటుంది.

లైసెన్స్ ఒక్క రోజుకి కూడా దొరుకుతుంది. చీజ్‌మన్ కాన్యన్‌లో పట్టిన చేపని వదిలేయాల్సిందే. వదిలేటప్పుడు చేప నీళ్ళలోనే ఉండాలి, సున్నా కంటే తక్కువ చలిలో ఫోటో కోసం పైకెత్తితే మొప్పలు గడ్డకట్టి దెబ్బతింటాయి. నడిచేటప్పుడు గులకరాళ్ళ మధ్య శుభ్రంగా, లేత రంగులో గుంటలా కనిపించే చోట కాలు పెట్టకండి. శరదృతువులో బ్రౌన్ ట్రౌట్ పెట్టిన గుడ్లు ఆ రాళ్ళ కిందే ఉంటాయి.