న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఇద్దరికి క్యాంపర్‌వ్యాన్: నీళ్లు, కరెంటు, టాయిలెట్ లెక్కలు

క్రైస్ట్‌చర్చ్‌లో క్యాంపర్‌వ్యాన్ (పడక, పొయ్యి, టాయిలెట్ లోపలే ఉన్న వ్యాన్) అద్దెకు తీసుకుని టెకాపో, మౌంట్ కుక్, వనాకా, క్వీన్స్‌టౌన్, టె ఆనౌ మీదుగా మిల్‌ఫర్డ్ సౌండ్ చేరాలి. తిరిగి వనాకా వచ్చి, హాస్ట్ కనుమ దాటి, పడమటి తీరం వెంట హొకిటికా దాకా వెళ్లి, ఆర్థర్స్ పాస్ మీదుగా మళ్లీ క్రైస్ట్‌చర్చ్. మొత్తం దాదాపు 2,000 కిలోమీటర్లు. భార్యాభర్తలు తీరిగ్గా చూడాలంటే మూడు వారాలు పెట్టుకోండి. రూటు మ్యాప్ చూసి ఎవరైనా గీసేస్తారు. ప్రయాణం సుఖంగా సాగేదీ లేనిదీ తేలేది వ్యాన్‌లోని నాలుగింటి దగ్గర: మంచినీళ్లు, వాడిన నీళ్లు, టాయిలెట్ డబ్బా (మలమూత్రాలు చేరే, బయటికి తీయగలిగే ట్యాంకు), బ్యాటరీ. ఇద్దరి వాడకానికి ఇవి సుమారుగా రెండు రాత్రులు వస్తాయి. అందుకే రెండు రాత్రులు బయట, మూడో రాత్రి కరెంటు దొరికే హాలిడే పార్కులో (డబ్బు కట్టి వ్యాన్ ఆపుకునే క్యాంపు స్థలంలో) ఉండేలా రూటు వేసుకోవాలి.

మన వేసవి సెలవులు అక్కడ శరదృతువు. ఏప్రిల్ చాలా మంచి నెల, రద్దీ తగ్గుతుంది, చలి రాత్రిళ్లే ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో వెళ్తే నడి వేసవి, అద్దెలు ఆకాశాన్ని అంటుతాయి.

వ్యాన్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది పచ్చ రంగు సెల్ఫ్ కంటైన్‌మెంట్ వారెంట్, అంటే నీళ్లు, టాయిలెట్ ఏర్పాట్లు వ్యాన్‌లోనే ఉన్నాయని చెప్పే ధ్రువపత్రం. 2023 చట్టం ప్రకారం టాయిలెట్ వ్యాన్‌కు బిగించి ఉండాలి, సీటు కింద పెట్టుకునే పోర్టబుల్ టాయిలెట్ లెక్కలోకి రాదు. వారెంట్ ఉన్న వ్యాన్లకు మాత్రమే కేటాయించిన చోట, అది లేకుండా రాత్రి ఆగితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. నిలబడి వంట చేసుకోగలిగే ఎత్తు, పక్కనే టాయిలెట్ ఉన్న రెండు పడకల వ్యాన్ ఇద్దరికీ సరిపోతుంది. ఆరుగురు పట్టే పెద్ద బండి ఇరుకు రోడ్ల మీద బరువే.

లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే చాలు. స్టీరింగు కుడివైపే, నడిపేది ఎడమవైపే కాబట్టి చేయి త్వరగా కుదురుతుంది. కొత్తగా అనిపించేవి ఒకే లేన్ వంతెనలు. గుండ్రటి బోర్డు మీద మీ వైపు చిన్న ఎర్ర బాణం ఉంటే ఎదుటివాళ్లు దాటేదాకా ఆగాలి. వెనక కార్లు పోగయితే వీలున్న చోట పక్కకు తీసి దారి ఇవ్వండి. మ్యాప్ చూపే సమయానికి పావు వంతు కలుపుకోండి, రోజుకు 200 కిలోమీటర్లు దాటకండి. ఫాక్స్ గ్లేసియర్, హాస్ట్ మధ్య 120 కిలోమీటర్లు ఉంటుంది. టె ఆనౌ నుంచి మిల్‌ఫర్డ్ కూడా దాదాపు అంతే. ఈ రెండు దారులూ ఎక్కే ముందు ఇంధనం ట్యాంకు నిండుగా నింపండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే దింపుకోండి. మిల్‌ఫర్డ్ దారిలో హోమర్ సొరంగం దగ్గర ఆగితే కియా చిలకలు కిటికీ రబ్బర్లు పీకేస్తాయి. చూడ్డానికి ముద్దుగా ఉన్నాయని తిండి పెట్టకండి, అది వాటికే చేటు.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. 100 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే అందులో వాడుకోదగ్గది సగమే. ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 30 నుంచి 40 ఆంపియర్ అవర్ దాకా లాగుతుంది. అంటే కదలకుండా ఒకేచోట ఉంటే రెండో రోజుకే అడుగంటుతుంది. రోజూ రెండు మూడు గంటలు నడిపితే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) చాలావరకు పూడుస్తుంది. బండి ఆపిన గంట తర్వాత మీటరు 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. లిథియం బ్యాటరీ అయితే వోల్టులు నమ్మకండి, శాతం చూడండి. డీజిల్ హీటర్ వెలిగేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. బ్యాటరీ నీరసించిన రాత్రి హీటర్ వెలగకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే. చలి ఆగట్లేదని గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవడం మాత్రం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది.

రైస్ కుక్కర్ 500 వాట్లది ఇన్వర్టర్ మీద పెడితే బ్యాటరీ నుంచి 40 ఆంపియర్ల పైనే లాగుతుంది. అది హాలిడే పార్కులో 230 వోల్టుల వైరు తగిలించినప్పుడే. వైరు చుట్ట మొత్తం విప్పండి, చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది. ముందు వ్యాన్‌కు, తర్వాత పార్కులోని కరెంటు స్తంభానికి పెట్టాలి. తీసేటప్పుడు వరస తిరగెయ్యాలి. కరెంటు రాకపోతే స్తంభంలోనూ వ్యాన్‌లోనూ ట్రిప్ స్విచ్‌లు చూడండి.

బయట ఆగిన రోజుల్లో వంటకు గ్యాస్ పొయ్యి మీద రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చాలు. పప్పు మధ్యాహ్నమే నానేస్తే గ్యాసూ, వ్యాన్‌లో ఆవిరీ రెండూ తగ్గుతాయి. వండేటప్పుడూ పడుకునేటప్పుడూ పైకప్పు కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి, లేకపోతే తెల్లారేసరికి పరుపు అంచులు చెమ్మగిల్లుతాయి. మెతుకులు, నూనె సింకులోకి పోనివ్వకండి. కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. వాడిన నీళ్ల ట్యాంకులో అవి కుళ్లితే రెండో రోజుకల్లా వాసన సింకులోంచి పైకి తంతుంది.

టాయిలెట్ డబ్బా సుమారు 18 లీటర్లు. మనవాళ్లు కాగితం బదులు నీళ్లు వాడతారు కాబట్టి అనుకున్నదానికంటే ముందే నిండుతుంది. మగ్గు బదులు చిన్న మూతి ఉన్న సీసాతో కడుక్కుంటే నీళ్లు బాగా ఆదా అవుతాయి. ఎర్ర లైటు వెలిగేదాకా ఆగకుండా ఒకరోజు ముందే ఖాళీ చేయండి. ముందు లోపలి మూత పలక పూర్తిగా మూయాలి, సగం తెరిచి ఉంటే డబ్బా బయటికి రాదు, లాగితే రబ్బరు చిరుగుతుంది. డంప్ స్టేషన్‌లో (టాయిలెట్ డబ్బా, వాడిన నీళ్లు పారబోసే చోట) డబ్బా గొట్టం మూతి తిప్పి, దాన్ని గుంటవైపు వంచి, అప్పుడే గాలి బటన్ నొక్కి పట్టుకోండి. నొక్కకపోతే గుటగుటమని ఎగిరి కాళ్ల మీద పడుతుంది. రెండుసార్లు నీళ్లు పోసి కుదిపి, చివర రెండు లీటర్ల నీళ్లు, సీసా మీద రాసినంత రసాయనం వేసి బిగించండి. డబ్బా కడిగే కుళాయి గొట్టాన్ని మంచినీళ్ల ట్యాంకు దరిదాపులకు రానివ్వకండి.

ఇంటి నుంచి తెచ్చే తిండి విషయంలో ఒకటే నియమం: ప్రతిదీ విమానాశ్రయంలో ప్రకటించండి. ఊరగాయ, పొడులు, పప్పులు చూసి అధికారి నిర్ణయిస్తారు. చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు. తేనె ససేమిరా కుదరదు. నెయ్యి, పాల మిఠాయిలు తీసుకెళ్లకపోవడమే మేలు. ట్రెక్కింగ్ బూట్లకు మట్టి లేకుండా కడగండి. పప్పులు, మసాలాలు క్రైస్ట్‌చర్చ్‌లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి.

అద్దె ఒప్పందంలో బీమా వర్తించని దారులు చదవండి. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్ చాలామటుకు అందులో ఉంటుంది. పైకప్పు, అడుగుభాగం దెబ్బలకు విడిగా షరతులుంటాయి. ఈదురుగాలిలో తలుపు తెరిచేటప్పుడు చేత్తో పట్టుకునే తెరవండి, లేకపోతే గాలి లాగి కీళ్లు వంచేస్తుంది.

డీజిల్ బండికి ఇంధనం ధర కాక రోడ్ యూజర్ ఛార్జీ కిలోమీటర్ల లెక్కన విడిగా ఉంటుంది, బండి తీసుకునేటప్పుడూ అప్పగించేటప్పుడూ మీటరు ఫొటో తీసుకోండి. అప్పగించే ముందు డీజిల్ నింపి, టాయిలెట్ డబ్బా, వాడిన నీళ్లు ఖాళీ చేయండి. అలా చేయకపోతే శుభ్రం చేసే రుసుము వేస్తారు. ఈ పనులకు కనీసం గంటన్నర పడుతుంది, ఫ్లైట్ సమయం దాన్ని కలుపుకునే లెక్కేసుకోండి.