స్టోమా సంరక్షణ – 3వ పాఠం: ప్లేటుకు చిల్లు ఎంత కోయాలి?

స్టోమా అంటే ఆపరేషన్ చేసి పేగును పొట్ట మీదకు తెచ్చి పెట్టిన ద్వారం. మలం అందులోంచి, పైన అతికించిన బ్యాగులోకి వస్తుంది. పోయిన పాఠంలో ఆ బ్యాగు ఖాళీ చేయడం నేర్చుకున్నాం. మూడో వంతు నిండగానే ఖాళీ చేసేయడం ఈపాటికి అలవాటయ్యే ఉంటుంది. ఈసారి ప్లేటు పని, అంటే చర్మానికి అంటుకునే భాగం సంగతి.

పర్లాకిమిడిలో నా దగ్గరకొచ్చే వాళ్లలో "బ్యాగు కారిపోతోంది సిస్టరమ్మా" అనే వాళ్లే ఎక్కువ. బ్యాగు బాగాలేదని కంపెనీ మారుస్తారు, బరంపురం నుంచి ఖరీదైనది తెప్పిస్తారు. నేను ముందు చిల్లు చూస్తాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

గుణుపురం వైపు నుంచి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఇలియోస్టమీ, అంటే చిన్న పేగును పైకి తెచ్చి పెట్టిన స్టోమా. ఆపరేషనై ఆరో వారం. స్టోమా చుట్టూ చర్మం ఎర్రగా ఒలిచినట్టుంది, తడి ఊరుతోంది. ఆవిడ కోడలు సంచిలోంచి అట్టముక్క తీసి, "మీరిచ్చిన కొలతే పెడతన్నానండి, నూలు వాసి తేడా రానీలేదు" అంది. నిజమే. కొలత నేనిచ్చిందే, కాకపోతే ఆపరేషనైన నాలుగో రోజున ఇచ్చింది. అప్పటికి స్టోమా వాచి ఉంది. వాపు తీసి చిన్నదవుతుందని నేను చెప్పలేదు. తప్పు నాదే. ఆ రోజు నుంచి అట్టముక్క మీద తేదీ వేయకుండా ఎవరికీ ఇవ్వడం లేదు.

స్టోమా మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్నదవుతూనే ఉంటుంది. అందుకే అన్నాళ్లూ వారానికోసారి కొలవాలి. చిల్లు స్టోమా కంటే చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెద్దగా ఉంటే చాలు. అంతకు మించితే మధ్యలో చర్మం బయటపడుతుంది. ఇలియోస్టమీలో వచ్చేది చిన్న పేగు నుంచి వస్తుంది. దాంట్లో అన్నం అరిగించే రసాలుంటాయి, అవి చర్మాన్నీ వదలవు. మరీ బిగుతుగా కోసినా కష్టమే, అంచు ఒరుసుకుని స్టోమా గాయపడుతుంది. దానికి నొప్పి తెలియదు కాబట్టి మీకూ తెలియదు.

గుండ్రంగా ఉంటే పెట్టెలో వచ్చే కొలతల కార్డు చాలు. కోలగానో వంకరగానో ఉంటే పప్పు ప్యాకెట్ లాంటి, అవతలిది కనపడే పల్చటి కవరు కడిగి ఆరబెట్టి, స్టోమా మీద పరిచి పెన్నుతో గీయండి. ఇక్కడే అందరూ పొరపడతారు. ఆ గీతను ప్లేటు వెనక కాగితం మీదకు ఎక్కించేటప్పుడు కవరును తిరగేయాలి. ప్లేటు వెనక వైపు ఒంటికి అంటుకునేది కదా, కుడి ఎడమవుతుంది. తిరగేయకుండా గీస్తే వంకర అటుది ఇటు వస్తుంది, 500 రూపాయల ప్లేటైనా 50 రూపాయల ప్లేటైనా అదే గతి. కోశాక అంచు వేలితో ఒకసారి నిమిరి గరుకు తీసేయండి.

అతికించడానికి పొద్దున్నే, ఏమీ తినకముందు మంచిది. అప్పుడు స్టోమా కాస్త నెమ్మదిగా ఉంటుంది. పాత ప్లేటు లాగేయకండి. ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి, రెండో చేత్తో పై నుంచి కిందకు మెల్లగా ఊడదీయాలి. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. డెట్టాల్ వద్దు, స్పిరిట్ వద్దు. కొబ్బరినూనె అస్సలు వద్దు, దాని మీద ఏ ప్లేటూ నిలవదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనపడితే టెన్షన్ పడకండి. అక్కడ సన్నటి రక్తనాళాలు ఎక్కువ. చర్మం బాగా ఆరాక ప్లేటును కాసేపు అరచేతుల మధ్య వెచ్చబెట్టి అతికించి, పైన చెయ్యి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి.

చర్మం ఒలిచి ఉంటే ముందే పేస్టు (ప్లేటు కింద సందులు పూడ్చేది) రాయొద్దు. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, భగ్గుమంటుంది. స్టోమా పౌడరు పల్చగా చల్లి, మిగిలింది దులిపి, అప్పుడు ప్లేటు వేయండి. ఆ పెద్దావిడకు చేసిందీ ఇదే. కొత్త కొలతతో కోసి వేస్తే, రెండో మార్పుకల్లా తడి ఆరింది.

మన వేసవి సంగతి వేరే చెప్పాలి. రేకుల ఇంట్లో బ్యాగుల పెట్టె అటక మీద పెడితే ప్లేటు జిగురు కరిగిపోతుంది. నేల మీద, నీడపట్టున పెట్టండి. ఫ్రిజ్‌లోనూ వద్దు. ఎండల్లో చెమటకు ప్లేటు మూడు రోజులే నిలవొచ్చు. దురద, మంట మొదలైతే రోజులు లెక్కపెట్టకండి, ఆ పూటే మార్చేయండి. స్టోమా ఎర్రగా, తడిగా, మన పెదవి లోపలి రంగులో ఉండాలి. ఊదాగానో నల్లగానో మారితే పాఠం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఈ వారం పని ఒకటే. స్టోమా కొలిచి, మిల్లీమీటర్లు, తేదీ క్యాలెండర్ వెనక రాయండి. గోడ మీదున్నది ఒడియా క్యాలెండరైనా తెలుగుదైనా ఫర్వాలేదు. వచ్చే వారం మళ్లీ కొలిచి పక్కనే రాయండి. ఎండల్లో తరవాణి తాగొచ్చా అని ముగ్గురు అడిగారు. అది నాలుగో పాఠంలో, నీళ్ల లెక్కతో పాటు చెబుతాను.