పొడుగుముక్కు నీటిపిట్టల్ని గుర్తుపట్టడం ఎలా?

అక్టోబరు నుంచి మార్చి దాకా నెల్లూరు తీరంలో బురద తేలిన చోటల్లా పొడుగుముక్కు పిట్టలు దిగుతాయి. అన్నిటినీ ‘కొంగలు’ అనేసి వెళ్లిపోతే చాలా పోగొట్టుకుంటాం. చలికాలంలో వీటిలో చాలావాటి ఒళ్లంతా బూడిద, గోధుమ రంగులే. అందుకే ముక్కుతో మొదలుపెట్టండి.

ముందు పోటు వేళ కనుక్కోండి. ఆటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, పిట్టలు బురద మీద ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. పోటు ఎక్కాక ఇస్కపల్లి ఉప్పుమళ్ల లాంటి చోట్ల గట్ల మీదికి, నీళ్లు తీసేసిన రొయ్యల గుంటల్లోకి చేరతాయి. గుంటల వాళ్లనడిగి లోపలికి వెళ్లండి. పొద్దున్నే అయితే తూర్పు గట్టు మీద నిలబడి పడమరకి చూస్తే ఎండ కంట్లో పడదు. 8×42 బైనాక్యులర్ (ఎనిమిదింతలు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) సరిపోతుంది.

ఇప్పుడు ముక్కుని తలతో కొలవండి. తలకి దాదాపు మూడింతలుండి, పొడవునా కిందికి వంగితే పెద్ద కర్లూ. ఆడదాని ముక్కు ఇంకా పొడుగు. రెండింతలే ఉండి, చివర్లో వంగి, నెత్తిన ముదురు చారలుంటే వింబ్రెల్. ఈ రెండిటి దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువ తడబడతారు, కాబట్టి నెత్తి చూడందే తేల్చొద్దు. తెల్ల ఒళ్లు, బోడి నల్లతల, లావుపాటి వంపు ముక్కు అయితే తెల్ల కంకణం పిట్ట.

వంపు పైకుంటే? సన్నగా బాగా పైకి తిరిగి, నలుపు తెలుపు ఒళ్లుంటే అవొసెట్. దాదాపు తిన్నగా ఉండి మొదట్లో గులాబీ రంగుంటే గాడ్‌విట్. అందులో రెండు రకాలు. ఎగిరేదాకా ఆగండి: రెక్క మీద తెల్లపట్టీ, తోక చివర నలుపు కనిపిస్తే నల్లతోక గాడ్‌విట్, పట్టీ లేక తోక చారలుగా ఉంటే రెండోది, చారలతోక గాడ్‌విట్. దాన్ని ఎగరగొట్టి మాత్రం చూడకండి. వేసవికి ముందు వేల కిలోమీటర్లు ఎగరాల్సిన పిట్ట అది, తిన్న కొవ్వే దాని ఇంధనం.

మేత పద్ధతీ సాక్ష్యమే. గరిటెమూతి కొంగ ముక్కు కాస్త తెరిచి నీళ్లలో అటూఇటూ ఊపుతుంది. నత్తగొట్టు కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. కోవూరు వైపు వరికయ్యల్లో దొరికే ఉల్లంకి తిన్నటి ముక్కుని బురదలో దించి, చివర మాత్రమే తెరిచి పురుగుని పట్టుకుంటుంది.

చూసినవాటిని తేదీ, చోటు, పోటు వేళతో సహా ఈబర్డ్‌లో (చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే వెబ్‌సైట్) ఎక్కించండి. జాతి తేలకపోతే ‘గాడ్‌విట్’ అని మాత్రమే నమోదు చేయొచ్చు, దానికీ అక్కడ చోటుంది.