పేర్ల బోర్డులో నేమ్ ప్లేటు తేడా చేస్తే ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

నెల్లూరు పొగతోటలో ఏ క్లినిక్కుల బిల్డింగులోకి అడుగుపెట్టినా లిఫ్టు పక్కన ఒక పేర్ల బోర్డు కనిపిస్తుంది. అల్యూమినియం ఫ్రేము, అందులో అడ్డంగా ఛానళ్లు, ఛానళ్లలో జారే నేమ్ ప్లేట్లు. డాక్టరు గది మారితే ప్లేటు మారుతుంది. ఒంగోలు కర్నూలు రోడ్డు కాంప్లెక్సుల్లో అయితే అవే బోర్డుల్లో ఆడిటర్లు, ఇన్సూరెన్సు ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు. ఒక్క ప్లేటు మార్చడం చిన్న పని. చిన్న పని కాబట్టే తొందరగా కానిచ్చేస్తారు, మర్నాడు ఫోన్ చేస్తారు.

ఫోన్ రాగానే నేను మొదట అడిగేది ఒక్కటే: కాగితం పెట్టి చూశారా? ప్లేటు కోయకముందు అదే డిజైన్‌ని అసలు సైజులో మామూలు కాగితం మీద ప్రింటు తీయాలి. కత్తిరించి, ఆ ఛానల్లోనే దూర్చి, ఎవరి పేరో ఆ మనిషి చేతే చదివించాలి. ప్రింటు ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' టిక్ తీసెయ్యాలి, లేకపోతే సైజు కుదించి ఇస్తుంది. కింద రాసిన వాటిలో సగానికి పైగా ఈ కాగితం దగ్గరే దొరికిపోతాయి. ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను, పదిమందిలో ఇద్దరు కూడా చేయరు.

ప్లేటు దూరట్లేదు, లేదా దూరి లోపల ఆడుతోంది

పాత ప్లేటుని ఫ్రేములో ఉండగానే టేపుతో కొలిచి ఉంటారు. ఛానల్ మడత పైనా కిందా రెండేసి మూడేసి మిల్లీమీటర్లు కప్పేస్తుంది. మీకు కనబడింది ప్లేటు మొత్తం కాదు. బయటికి తీసి కొలవండి.

రెండో కారణం అంగుళాల లెక్క. మూడంగుళాలంటే 76.2 మి.మీ. షాపులో దాన్ని 75కి కోస్తారు. ఆ 1.2 మి.మీ. చాలు, లిఫ్టు తలుపు పడినప్పుడల్లా ప్లేటు గలగలమనడానికి. మందం విషయమూ అంతే. 3 మి.మీ. అని అమ్మే యాక్రిలిక్ షీటు ప్రతిసారీ సరిగ్గా 3 ఉండదు, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూసుకోవాలి. వాట్సాప్‌లో ఫోటో పంపి ఇలాంటిదే చేయమనకండి. పాత ప్లేటునే పంపండి.

మే నెలలో ప్లేటు మధ్యలో ఉబ్బి బయటికి వస్తోంది

జనవరిలో బిగుతుగా, ముచ్చటగా కుదిరిందంటే అప్పుడే అనుమానం రావాలి. యాక్రిలిక్ వేడికి అల్యూమినియం కంటే మూడింతలు సాగుతుంది. రెండడుగుల ప్లేటు, వేడి 25 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 మి.మీ. పొడుగవుతుంది. ఫ్రేము సాగేది అందులో మూడో వంతు. రోహిణీకార్తె ఎండ అద్దాల లాబీలోకి నేరుగా పడుతుంటే చోటు చాలక ప్లేటు విల్లులా వంగుతుంది. రెండు చివర్లా సిలికాన్ పూసి ఉంటే ఇంకా త్వరగా వంగుతుంది. పొడుగులో 2 మి.మీ. తగ్గించి కోయించండి. అతికించక తప్పకపోతే మధ్యలో ఒక్క చోట అతికించండి, చివర్లు వదిలేయండి.

ప్లేటు అంచుల్లో వెంట్రుకల్లాంటి చీలికలు కనిపిస్తే అది ఎండ పని కాదు. లేజర్‌తో కోసిన యాక్రిలిక్‌ని ఎవరో స్పిరిట్‌తోనో థిన్నర్‌తోనో తుడిచారు. చీలిక వచ్చాక మందు లేదు, ప్లేటు మార్చాల్సిందే. ఊడ్చి తుడిచే అమ్మకి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలని చెప్పండి.

గోడకి అతికించిన ప్లేటు ఊడిపోతోంది

అందరూ టేపుని తిడతారు. ముందు వెనకున్న బోర్డు చూడండి. ఏసీపీ షీటు (మధ్యలో ప్లాస్టిక్, రెండు వైపులా అల్యూమినియం రేకు) మీద కంపెనీ వేసిన పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండానే ప్లేట్లు అతికించిన బోర్డులు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. టేపు పొరని గట్టిగానే పట్టుకుంటుంది, పొరే షీటుని వదిలేస్తుంది. మూల దగ్గర గోరుతో గీకితే తెలిసిపోతుంది.

చీమకుర్తి నల్ల గ్రానైటు పాలిష్ గోడ అయితే టేపుకి చాలా మంచి గోడ, కాకపోతే పైన పూసిన మైనం పాలిష్ స్పిరిట్‌తో పూర్తిగా తుడవాలి. గోడ తుడవడానికి స్పిరిట్ వాడొచ్చు, అది ప్లేటు అంచుకి తగలకూడదు. డిస్టెంపర్ గోడకి టేపు వేయకండి, రంగుతో సహా ఊడివస్తుంది, స్క్రూ కొట్టండి. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, ఆలోపు లాగి చూడకండి. మనకి పెద్ద వానలు నవంబరు ప్రాంతంలో కదా, అప్పుడు చెమ్మగా ఉన్న గోడ మీద ఏ టేపూ నిలవదు.

పేరు తప్పు పడింది, మెసేజ్‌లో మాత్రం సరిగ్గానే ఉంది

ఈ విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను, అందుకే నింపాదిగా చెబుతాను.

ఒక బిల్డింగుకి ఇరవై రెండు ప్లేట్లు, అన్నీ తెలుగులో. మర్నాడు ప్రారంభోత్సవం. రాత్రి తొమ్మిదింటికి బిగించి ఇంటికి వచ్చాను. పొద్దున్నే అందులోని ఒక డాక్టరుగారు ఫోన్ చేశారు. ఆయన అసలు పేరు ఇక్కడ రాయను, సుధాకర్‌రెడ్డి అనుకోండి. "బోర్డు బాగుందయ్యా, నా పేరే అది కాదు" అన్నారు. వెళ్లి చూస్తే ప్లేటు మీద 'సుధాకర్రెడ్డి' అని ఉంది. ర మీద ఉండాల్సిన పొల్లు లేదు, వత్తు వచ్చి చేరింది. చదివితే 'సుధాక ర్రెడ్డి'. మేనేజరు చూశాడు, నేను చూశాను, బిగించిన కుర్రాడు చూశాడు. ఒక్కరికీ పట్టలేదు. తెలిసిన పేరైతే కన్ను అక్షరం అక్షరం చదవదు.

మొదట ఫాంటుని అనుమానించాను. మార్చి మళ్లీ కోయించాను. అదే తప్పు. లేజర్ మెషీన్ కుర్రాడి మీద కోప్పడి మూడోది కోయించాను. మళ్లీ అదే. అప్పుడు అతనికి పంపిన ఫైల్ తెరిచి చూస్తే, అతను కోసింది సరిగ్గా అందులో ఉన్నదే. వెళ్లి అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. డాక్టరుగారు పంపిన వాట్సాప్ మెసేజ్‌లో పేరు శుభ్రంగా ఉంది. మెసేజ్‌కీ ఫైల్‌కీ మధ్య ఏదో జారిపోయింది. అదేమిటో తెలిసేసరికి మూడు ప్లేట్లు, రెండు రోజులు పోయాయి.

సంగతేమిటంటే, తెలుగులో ఒక హల్లుకి పొల్లు పెట్టి వెంటనే ఇంకో హల్లు టైప్ చేస్తే కంప్యూటరు రెండో దాన్ని వత్తుగా కలిపేస్తుంది. 'పద్మ', 'అమ్మ' అలాగే వస్తాయి. కలవకుండా పొల్లు పొల్లుగానే నిలవాలంటే ఆ రెండిటి మధ్య కంటికి కనబడని గుర్తొకటి ఉండాలి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దానికి వెడల్పు లేదు, స్క్రీన్ మీద చోటు తీసుకోదు. డాక్టరుగారి ఫోన్‌ కీబోర్డు ఆ గుర్తు పెట్టింది. మేము ఆ పేరుని యూనికోడ్ కాని పాత డీటీపీ (అచ్చు పని) ఫాంటులోకి మార్చడానికి వాడిన కన్వర్టర్ దాన్ని వదిలేసింది. గుర్తు పోగానే పొల్లు కాస్తా వత్తయింది. ఫాంటు ఎన్నిసార్లు మార్చినా లాభం లేకపోవడానికి కారణం అదే, తప్పు ఫాంటులో లేదు, అక్షరాల్లోనే ఉంది.

కన్వర్టర్ ఒక్కటే దారి కాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసేవాళ్లు పేరంతా ఒకే మాటగా ఆపకుండా కొడితే మొదటి నుంచే గుర్తు ఉండదు.

పెంచలయ్య, మాల్యాద్రి, రమణమ్మ లాంటి పేర్లకి దీనివల్ల ఏమీ కాదు. అందుకే మొదటి పది ప్లేట్లు బాగుంటే పదకొండోది కూడా బాగుంటుందని ధీమాగా ఉంటాం. దొరికిపోయేవి రెండు మాటలు కలిసిన పేర్లు. మస్తాన్‌వలి 'మస్తాన్వలి' అవుతాడు, కిరణ్‌కుమార్ 'కిరణ్కుమార్' అవుతాడు. హోదాలూ అంతే: సబ్‌రిజిస్ట్రార్ 'సబ్రిజిస్ట్రార్' అవుతుంది, హెడ్‌క్లర్క్ 'హెడ్క్లర్క్' అవుతుంది.

అప్పటి నుంచి నేను పొల్లులు లెక్కపెడుతున్నాను. పేరుగల మనిషి చేత కాగితం మీద చేత్తో రాయించుకోండి. అందులో పొల్లులెన్నో చూడండి. సుధాకర్‌రెడ్డిలో ఒకటి, కిరణ్‌కుమార్‌లో రెండు, సబ్‌రిజిస్ట్రార్‌లో రెండు. తర్వాత కోయబోయే ఫైల్‌లో మళ్లీ లెక్కపెట్టండి. టైప్ చేసిన స్క్రీన్‌లో కాదు, కర్వ్స్‌గా, అంటే అక్షరాలని గీతల బొమ్మగా మార్చేశాక. డిజైన్లు గీసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, క్యూ నొక్కాక కనబడేదే మెషీన్ కోసేది. లెక్క కుదరకపోతే అక్కడే ఆగిపోండి.

సరిచేయడం తేలిక. ఎమ్మెస్ వర్డ్‌లో 'సుధాకర్' వరకు టైప్ చేసి, ఇంగ్లీషు కీబోర్డుకి మారి రెండు, సున్నా, సున్నా, సి కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగూ మాయమై గుర్తు పడుతుంది. మళ్లీ తెలుగుకి వచ్చి 'రెడ్డి' కొట్టండి. ఉన్న పేరులో గుర్తు ఉందో లేదో తెలియాలంటే 'రె' ముందు కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఏ అక్షరమూ పోకుండా వత్తు వచ్చి చేరితే అప్పటిదాకా గుర్తు ఉన్నట్టే, అన్‌డూ చేసుకోండి. పాత డీటీపీ ఫాంటులోనే పని చేయాల్సి వస్తే, పొల్లు ఉన్న పేర్లని కన్వర్టర్‌కి వదలకుండా చేత్తో టైప్ చేయించండి.

కొందరు గొడవెందుకని మధ్యలో ఖాళీ ఇచ్చి 'సుధాకర్ రెడ్డి' అని వేసేస్తారు. వేయొచ్చు, ఆయన్ని అడిగి. ప్రిస్క్రిప్షన్ మీద ఆయన పేరు ఎలా అచ్చయి ఉందో చూడండి, బోర్డు మీదా అలాగే ఉండాలి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: అక్కర్లేని చోట గుర్తు పడి 'పద్మ' కాస్తా 'పద్‌మ' అవుతుంది. పొల్లుల లెక్కలో అదీ దొరుకుతుంది.

వత్తులు కనబడట్లేదు, వరుసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి

ఇంగ్లీషు పేర్ల కొలతలతో తెలుగు పేర్లు వేశారు. ఇంగ్లీషు పెద్దక్షరాలకి కింద ఏమీ వేలాడదు. మనకి 'రిజిస్ట్రార్'లో ఒక వత్తు కింద ఇంకో వత్తు దిగుతుంది, 'స్త్రీ శిశు సంక్షేమ శాఖ'లో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఛానల్ మడత ఆ కింది వత్తుని మింగేస్తుంది. బోర్డు మొత్తంలో ఎక్కువ లోతున్న పేరేదో వెతికి, దానికి సరిపోయే సైజే అన్ని ప్లేట్లకీ పెట్టండి. పేరుకో సైజు వద్దు.

వరుస కుదరకపోవడానికి కారణం సెంటర్ అలైన్. కర్వ్స్ అయ్యాక సాఫ్ట్‌వేర్ వత్తులతో సహా మొత్తం ఎత్తు కొలిచి మధ్యకి తెస్తుంది. అందువల్ల వత్తున్న పేరు పైకి జరుగుతుంది, వత్తు లేనిది కిందికి దిగుతుంది. అక్షరాల అడుగున ఒక గైడ్ లైను గీసి అన్ని పేర్లనీ దాని మీద కూర్చోబెట్టండి.

పొడుగు పేర్లని అడ్డంగా నొక్కి ఇరికించకండి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారినప్పుడు 'ప్రకాశం జిల్లా' అని ఉన్న ప్లేటులోనే 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' పట్టాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు వరుసలు చేయాలి, లేదా ప్లేటు ఎత్తు పెంచాలి. నొక్కిన తెలుగు అక్షరం నాలుగడుగుల దూరం నుంచి కూడా చదవలేం.

మిగతావి

వినైల్ స్టిక్కరు అక్షరాల్లో తలకట్లు ఊడిపోతుంటే అక్షరం మరీ చిన్నది, ఆ సైజులో ప్రింటో ఎన్‌గ్రేవింగో చేయించండి. వినైల్‌నీ పీవీసీనీ మాత్రం లేజర్‌లో పెట్టనివ్వకండి, క్లోరిన్ ఉన్న విషవాయువు వస్తుంది, మెషీనూ తుప్పుపడుతుంది. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి స్టీలు ప్లేటు మీద మచ్చలు వస్తే అది 202 గ్రేడు అయి ఉంటుంది, 316 వాడండి. ఫ్రేము తాళం పట్టేయడం, వెనక అయస్కాంతం పట్టు తగ్గడం ఎప్పుడో గాని రావు, వస్తే ఆ భాగం మార్చేయడమే.

కొత్త ప్లేటు పాతవాటి పక్కన వేరే రంగులో కనబడితే అది కొత్తదాని తప్పు కాదు, పాతవి ఎండకి వెలిశాయి. ఎండ తగలని కింది వరుసల్లో కొత్తది సర్దగలిగితే సర్దండి, లేకపోతే ఆ అంతస్తు ప్లేట్లన్నీ ఒకేసారి మార్చండి. బోర్డు మొదటిసారి చేయించేటప్పుడే అదే షీటులోంచి నాలుగైదు ఖాళీ ప్లేట్లు కోయించి మేనేజరు గదిలో చీకట్లో పెట్టించండి. షీటు రకం, రంగు నంబరు, అసలు మందం, పొడుగు, ఎత్తు మిల్లీమీటర్లలో ఫ్రేము వెనక పర్మనెంట్ మార్కర్‌తో రాసి ఉంచండి. మళ్లీ మార్చేటప్పటికి ఈ కొలతలున్న వాట్సాప్ మెసేజ్ ఎవరి ఫోన్లోనూ ఉండదు.